మామ వస్తనన్నడు

మొన్న సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. నిలబడ్డాను అనడం గొప్పకే. ఈ వయసులో నేను నిలబడేదేం లేదు, ఏదో ఒక స్తంభానికి ఆనుకుని వేలాడుతుంటాను. పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూరగాయల సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని ముచ్చట్లలో ఉన్నారు. ఒకామె బస్సు వచ్చింది. సంచి ఎత్తుకుని "వస్త వదినా" అంది. రెండో ఆమె "మంచిది, పోయిరా" అంది. బస్సు కదిలింది.

అంతే. రోజుకు ఎన్నిసార్లు వింటామో లెక్కలేని మాట. నేను మాత్రం ఆ బస్సు వెనకే చూస్తూ ఉండిపోయాను. పోయేవాడు 'పోత' అంటే అశుభమని 'వస్త' అనే అలవాటు ఎవడు పెట్టాడో గానీ, వాడు నా కొంప ముంచాడు. పోయేటప్పుడూ 'వస్త'నే, వచ్చేటప్పుడూ 'వస్త'నే. ఏది ఏదో తెలియాలంటే ఎదుటివాడి మొహం చూడాలి. మొహం కనపడని చోట, ఒక రాత్రి, ఇంకొకడి నోటి మీదుగా ఆ మాట నాకు అందింది. పంపిన మనిషిని ఫ్యాక్టరీలో మేమంతా మామ అనేవాళ్లం.

నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ఫిట్టర్‌ని. మామ అక్కడ బాయిలర్ చూసుకునేవాడు. ఎనభైల చివరి సంవత్సరాలు. నాకు ఇంకా ముప్ఫై నిండలేదు, ఆయన యాభైకి దగ్గర పడ్డాడు. సన్నగా, నల్లగా, మోకాళ్ల కింద పిక్కలు గట్టిగా ఉండేవి. కుడి బూటుకు బొటనవేలి దగ్గర బ్లేడుతో కోసిన చిల్లు. ఆనెకాయ ఉందని తనే కోసుకున్నాడు. కొత్త బూట్లు కొన్న రోజే కోసేవాడు. "మామా, కొత్తయి గదనే!" అని మేం మొత్తుకుంటే, "కొత్తయైతే నా ఏలు కొత్తదైతదా?" అనేవాడు.

ఆయన ఇల్లు పాత ఉప్పల్లో. అక్కడి నుంచి నాచారం రోజూ నడక, ఆలస్యమైతే పరుగు. బస్సు ఎందుకు ఎక్కవంటే, "దానికోసం నిలవడే టైమ్‌ల నేను చేరుకుంట" అనేవాడు. పందాల్లో ఉరికిన మనిషి కాదు. కాకపోతే ఇరవై ఏళ్లుగా షిఫ్టుకు ఉరుకుతున్నాడు.

ఎండాకాలం వస్తే చొక్కా జేబులో ఒక ఉల్లిగడ్డ ఉండేది. వడదెబ్బ తగలదట. బాయిలర్ ముందు నిలబడి పని చేసే మనిషికి బయటి ఎండ ఒక లెక్కా అని నవ్వితే, "ఇది మనం పెట్టుకున్న మంట, అది దేవుడు పెట్టిన మంట. దేనిది దానికే" అనేవాడు. ఆ ఉల్లిగడ్డే మధ్యాహ్నం అన్నంలోకి కొరుక్కుని, మర్నాడు ఇంకోటి తెచ్చుకునేవాడు.

అసలు విడ్డూరం సెలవు తీసుకోవడంలో ఉండేది. షిఫ్టు అయిపోగానే బాయిలర్ తలుపు పక్కన ఇటుక గోడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "వస్త" అనేవాడు. మనుషులకు చెప్పడం సరే, బాయిలర్‌కూ చెప్పేవాడు. ఎవరైనా నోరు జారి 'పోత' అంటే ఇక వాళ్ల పని అయినట్టే. ఒకసారి కొత్తగా చేరిన హెల్పర్ ఒకడు గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "నేను పోతున్న మామా" అని కేకేశాడు. ఈయన బాయిలర్ షెడ్డులోంచి చెయ్యి ఊపి పిలిచాడు. "ఏయ్, ఎన్కకు రా. ఇంకోపారి జెప్పు." వాడికి బస్సు వెళ్లిపోతోంది. అయినా వెనక్కి వచ్చి, "వస్త మామా" అని చెప్పి, "మంచిది, పోయిరా" అనిపించుకునే దాకా మామ వదల్లేదు. బస్సు పోయింది. "బస్సు పోతే ఇంకోటొస్తది" అన్నాడు మామ.

ఇట్లాంటి మనిషి విషయంలో నేను చెప్పుకోలేని పని చేశాను.

ఆ రోజుల్లో చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు కొందరు కలిసి ఒక పరుగు పెట్టుకున్నారు. జనగామ నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా, వరంగల్ రోడ్డు మీద, రాత్రంతా. శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యాయి కాబట్టి రాత్రి పరుగు. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక జట్టు, జట్టుకు ఎనిమిది మంది. ఒకడు ఉరికొచ్చి చేతిలోది రెండోవాడికి ఇవ్వాలి, వాడు మూడోవాడికి. చేతిలోది అంటే అందరివీ కట్టె ముక్కలు. మాది మాత్రం జానెడు ఇనుప గొట్టం. మామ పాత బాయిలర్ ట్యూబు కోసి, అంచులు నునుపు చేసి తెచ్చాడు. "బరువైతది గద" అంటే, "బరువుంటేనే చేతిల ఉన్నట్టు ఎర్కైతది" అన్నాడు.

అంతకు ముందు రెండేళ్లు మా జట్టు ఉప్పల్ చేరనే లేదు. మొదటిసారి ఒకడు వాంతులు చేసుకుని ఆలేరులో పడిపోయాడు. రెండోసారి భువనగిరి దగ్గర దారి తప్పాం. నేరుగా ఉన్న రోడ్డు మీద దారి ఎట్లా తప్పారని మేనేజరు అడిగిన ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకని మూడోసారి ఒకటే పట్టుదల. గెలవకపోయినా పర్వాలేదు, గొట్టం ఉప్పల్ చేరాలి.

తీరా శనివారం సాయంత్రానికి మాలో ఇద్దరికి సెలవు దొరకలేదు. ఆరుగురమే మిగిలాం. ఇద్దరు రెండేసి సార్లు ఉరకాలి. "నేను రెండు ఉరుకుత" అని మామ ముందుకొచ్చాడు. మా కెప్టెన్, టర్నర్ పని చేసేవాడు, ఒప్పుకోలేదు. "ముసలోనివి, నీకు ఒకటే మస్తు" అని నా వైపు తిరిగి, "నువ్వు పోరనివే గద, రెండు ఉర్కు" అన్నాడు. నేను పొద్దున ఆరు గంటల షిఫ్టు చేసి వచ్చినవాణ్ని. కాదనడానికి సిగ్గేసి ఊ అన్నాను.

ఆలేరు దగ్గర నా మొదటి పరుగు అయింది. లారీల వెలుతురు కళ్లలో కొట్టడం, వాటి దుమ్ము నోట్లో పడటం తప్ప దాని గురించి నాకేం గుర్తులేదు. తర్వాత కంపెనీ మెటడోర్ వ్యాన్‌లో నన్ను ఘట్‌కేసర్ తెచ్చి దింపారు. బీబీనగర్ నుంచి మామ ఉరికొస్తాడు, ఘట్‌కేసర్‌లో గొట్టం నాకిస్తాడు, నేను మేడిపల్లిలో టర్నర్‌కిస్తాను, వాడు ఉప్పల్ చేరుస్తాడు. ఇదీ ఏర్పాటు. మామను బీబీనగర్‌లో దింపినప్పుడు చూశాను. జేబులో ఉల్లిగడ్డ ఉబ్బుగా కనపడుతోంది.

"ఇప్పుడు ఎండ యాడిది మామా?"

"పొద్దు పొడవదా ఏంది?" అన్నాడు.

ఘట్‌కేసర్‌లో రోడ్డు పక్క ఒక చాయ్ హోటల్, దాని ముందు కుర్చీ వేసుకుని పోటీ కమిటీ తాలూకు మనిషి. ఆయన చేతిలో రిజిస్టరు. ఏ జట్టు ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి ఎవరు అందుకున్నారు, అదంతా రాసుకుంటున్నాడు. మిగతా జట్ల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెళ్లిపోయారు. మామ రాలేదు. నాకు కాళ్లు రెండూ దిమ్మెక్కి ఉన్నాయి. కూర్చుంటే లేవలేనని కూర్చోలేదు. నిలబడితే కళ్లు మూతలు పడుతున్నాయి. ఛీ, ఏం బతుకురా ఇది, ఆదివారం పూట ఇంట్లో పడుకోక, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు మా ఎలక్ట్రీషియన్ స్కూటర్ మీద వచ్చాడు. దారి పొడుగునా తిరిగి కబుర్లు అందించడం వాడి పని. బండి ఆపలేదు, కాలు కింద పెట్టాడంతే.

"మామ కాలు మడతవడ్డది. మస్తు దూరం ఉన్నడు. వస్తనన్నడు" అన్నాడు. మేడిపల్లిలో టర్నర్‌కు చెప్పాలని అదే ఊపున వెళ్లిపోయాడు.

ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. ఉరుకుతున్నడా, కూసున్నడా అని. నోరు తెరిస్తే రెండు మాటలు. నేను అడగలేదు.

కమిటీ మనిషి రిజిస్టరు మీద పెన్ను పెట్టి నన్ను చూశాడు. "మీ మనిషి ఆగిపోయినట్టేనా మరి?"

"ఆగిపోయినట్టే. వస్తనన్నడంట" అన్నాను.

ఆయన పాపం, మామూలుగా మనం అనుకునేదే అనుకున్నాడు. పెద్దమనిషి సెలవు తీసుకున్నాడని. మా పేరు మీద గీత కొట్టి, రిజిస్టరు మూసి, ఎవరిదో మోటర్‌సైకిల్ ఎక్కి ఉప్పల్ వెళ్లిపోయాడు. నేను హోటల్ వెనక నిలిపి ఉన్న వ్యాన్‌లోకి పాకాను. డ్రైవరు అప్పటికే గుర్రు పెడుతున్నాడు. బూట్లు విప్పి, లేసులు ఒకదానికొకటి ముడేసి, తలకింద పెట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

చాయ్ హోటల్ అతను నన్ను తట్టి లేపాడు. తెల్లగా తెల్లవారింది.

"మీ ముసలాయన పోయిండు గదనే!" అన్నాడు.

దిగ్గున లేచి కూర్చున్నాను. "పోయిండా?"

"పిలిశిండు, పిలిశిండు. ఎవ్వరు పల్కలె. కుంటుకుంట గట్లనే ఉర్కిండు, ఉప్పల్ దిక్కు."

వ్యాన్‌లో వెళ్లేసరికి ఉప్పల్ చౌరస్తాలో అంతా అయిపోయింది. ఘట్‌కేసర్ నుంచి మేడిపల్లి దాకా నా వంతు కూడా మామే మడతపడ్డ కాలితో ఉరికాడు. అక్కడ టర్నర్ గొట్టం అందుకున్నాడు. మా గొట్టం ఉప్పల్ చేరింది. చేరినా లెక్కలోకి రాలేదు, ఘట్‌కేసర్ పేజీలో మా పేరు కొట్టేసి ఉంది. మామను ఎవరో స్కూటర్ మీద తెచ్చి ఒక దుకాణం అరుగు మీద కూర్చోబెట్టారు. చీలమండ బంతిలా వాచింది, కాలు బకెట్ నీళ్లలో పెట్టుకున్నాడు. సగం కొరికిన ఉల్లిగడ్డ చేతిలో ఉంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

టర్నర్ నా మీద లేచాడు. "నీ యవ్వ! యాడ పండుకున్నవురా? ముసలోడు రెండు ఉర్కిండు. నువ్వు పొయ్యి రిజిస్టర్ల ఆగిపోయిండని రాపిచ్చినవంట!"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు. ఈలోగా మామ నవ్వాడు.

"వాన్నేమనకు. నేను వస్తనని చెప్పి పంపిన. వాడు సెలవు దీస్కున్ననుకున్నడు. నేను రోజు బాయిలర్‌కు చెప్పే వస్త లేదా, గదనుకున్నడు. తప్పు వానిది గాదు, మాటది."

ఎలక్ట్రీషియన్ తల పట్టుకుని పడీపడీ నవ్వాడు. టర్నర్ కూడా నవ్వాడు. ఇంత పెద్ద తప్పుకు ఇంత మంచి సాకు దొరుకుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. నేనూ నవ్వాను. "అవ్ మామా, నేను గదే అనుకున్న" అన్నాను.

అబద్ధం. ఇప్పుడు చెప్పడానికేం, అబద్ధం. స్కూటర్ మీద వాడు 'వస్తనన్నడు' అన్నప్పుడు నాకు రెండు అర్థాలూ తట్టాయి. రెండూ ఎదురుగా నిలబడ్డాయి. నా కాళ్లకు ఏది కావాలో అది తీసుకున్నాను. అడిగితే ఉరికొస్తున్నాడనేదే నిజమవుతుందేమోనని అడగలేదు.

ఆ కాలు మళ్లీ బాగుపడలేదు. కట్లు కట్టించారు, పసర్లు పోయించారు, వాపు తగ్గింది గానీ కుంటు తగ్గలేదు. బాయిలర్ మీదికి ఇనుప మెట్లెక్కి వాల్వు చూడాలి. ఎక్కలేకపోయాడు. ఆరు నెలలకు ఆయన్ను గేటు డ్యూటీకి మార్చారు. వెళ్లే ముందు ఇటుక గోడ మీద తట్టి ఏం చెప్పాడో నేను వినలేదు. వినపడేంత దగ్గరలో ఉండకుండా చూసుకున్నాను. ఇక ఉప్పల్ నుంచి బస్సులోనే వచ్చేవాడు, నిలబడి, ఎదురుచూసి.

గేటు దగ్గర ఆయనకు పండగే. షిఫ్టు విడిచాక రెండు వందల మంది "వస్త మామా" అంటూ పోయేవాళ్లు, అందరికీ "మంచిది, పోయిరా" అనేవాడు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకో మాట.

"వస్త మామా."

"ఏ వస్తరా ఇది?"

పక్కవాళ్లంతా నవ్వేవాళ్లు. ఫ్యాక్టరీ మొత్తానికి అదొక పరాచకం అయిపోయింది. నేనూ పళ్లికిలించి "రేపొచ్చే వస్త" అనేవాణ్ని. ఆయన నవ్వేవాడు గానీ, కళ్లు మాత్రం నా మొహం మీద కాసేపు ఉండేవి. ఏదో అనబోతానేమో అన్నట్టు. అట్లా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఆయన రిటైరయ్యే దాకా ఏడెనిమిదేళ్లు. ఎగతాళి చేస్తున్నాడో, పొడుస్తున్నాడో, ఉత్తగనే అంటున్నాడో తెలియక చచ్చేవాణ్ని. కొన్ని సాయంత్రాలు గేటు దాటడానికి భయమేసి, పని ఉన్నట్టు నటించి, షిఫ్టు మారి ఆయన వెళ్లాకే బయటికొచ్చేవాణ్ని. ఎనిమిది గంటలు పైపులు బిగించిన అలసట ఒక ఎత్తు, ఆ గేటు ఒక ఎత్తు. చెప్పేద్దాం, ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ దగ్గరికి నడవడం, పళ్లికిలించి దాటిపోవడం. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అదీ నా సంగతి.

రిటైరయ్యాక రెండేళ్లకు ఆయన్ను కార్మికుల దవాఖానాలో చేర్చారని టర్నర్ చెప్పాడు. ఊపిరితిత్తులు. ఇన్నేళ్ల బొగ్గు ఎక్కడికి పోతుంది? ఒక సాయంత్రం నేనొక్కణ్నే వెళ్లాను. ఈసారి చెప్పకుండా రాకూడదని నాచారం నుంచి దారంతా ఒట్టు పెట్టుకుంటూ వెళ్లాను.

మంచం మీద మామ ఇంకా సన్నబడ్డాడు. దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. నన్ను చూసి కూర్చోమని సైగ చేశాడు. కాసేపు ఫ్యాక్టరీ ముచ్చట్లు. బాయిలర్ తీసేసి కొత్తది పెడుతున్నారని చెప్పాను. "పాతదానికి ఎవలన్న చెప్పిన్రా?" అని అడిగాడు. లేదన్నాను.

"మామా, ఘట్‌కేసర్ కాడ..." అని మొదలుపెట్టాను. "నాకు రెండు తీర్ల సమజైంది మామా. నువ్వు ఉర్కుతున్నవని గూడ అనిపిచ్చింది. నిద్రకు ఆగలేక... అడగలె. కావాల్నని అడగలె."

"ఎర్కనే" అన్నాడు.

ఊపిరి తీసుకోవడానికి ఆగుతూ ఆగుతూ చెప్పాడు.

"ముందుగాల రోడ్డు మీద పిలిచిన. ఎన్క వ్యాన్ కనవడ్డది, వచ్చి సూసిన. బూట్లిప్పినవు. లేసులు ముడేసినవు. తలకింద వెట్టుకున్నవు. అయోమయంల ఉన్నోడు గంత నిమ్మలంగ పండుకుంటడా బిడ్డా?"

"మరి లేపకపోతివి?"

"లేపుదామనే వచ్చిన. నోరు తెరుసుకొని పండుకున్నవు, చిన్నపోరని తీర్గ. పొద్దుగాల షిఫ్ట్ జేసినవు, రాత్రి ఒకపారి ఉర్కినవు. లేపబుద్ధి గాలె. ఇంకో పది కిలోమీటర్లే గద అనుకున్న." కాస్త నవ్వాడు. "కాలు గిట్ల జేస్తదని నాకేమెర్క?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ కాలి మీద ఏడుపు కాదు, నా మీద నాకే ఏడుపు. "అన్ని దెల్సి, అందరి ముంగట మాటది తప్పు అంటివి. మళ్ల గేటు కాడ రోజూ గదే మాట ఎందుకడిగినవు మామా?"

"నువ్వే చెప్తవని సూసిన" అన్నాడు. "నాకోసం గాదు. మోస్తున్నవు గద, నీ మొహంల కనవడుతుండె. ఇస్తే అందుకుందామని."

ఆయన చెయ్యి నా మణికట్టు మీద ఉంది, బరువు లేదు. వార్డుబాయ్ వచ్చి టైమ్ అయిపోయింది, లేవండి లేవండి అని అందర్నీ అదిలించాడు. లేచాను. నాలుక మీదికి వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆయనే కళ్లు తెరిచి ఎదురుచూశాడు.

"వస్త మామా" అన్నాను.

ఏ వస్తరా అని అడగలేదు. "మంచిది, పోయిరా" అన్నాడు. ఆ పరుగు తర్వాత నాకు ఆ జవాబు దొరకడం అదే మొదలు.

మర్నాడు పొద్దున షిఫ్టులో ఉన్నాను. రెండింటికి విడవగానే నేరుగా దవాఖానాకు వెళ్లాను. దారిలో బండి దగ్గర బత్తాయిలు తీసుకున్నాను. ఉల్లిగడ్డ ఒకటి కూడా జేబులో వేసుకున్నాను, చూస్తే నవ్వుతాడని. వార్డులో మామ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. పక్కన సిస్టరు పక్క మంచం వాళ్లకు మందులిస్తోంది. ఈ మంచం పెద్దాయన ఏరీ అని అడిగాను.

"ఆయన పొద్దుగాలనే పోయిన్రన్నా" అంది.

"ఇంటికేనా సిస్టర్?" అని అడిగాను.